కంపోటా, క్రచేహా? కంబోడియాలో ఏటి ఒడ్డు ఊరు ఎంచుకోవడం ఎలా

ఆంగ్‌కోర్ వాట్, ఫ్నోమ్ పెన్ చూశాక మూడు నాలుగు రోజులు మిగిలాయనుకోండి. ఏదైనా నది పక్కన, పెద్దగా జనం లేని ఊళ్లో గడపాలని ఉంది. కంబోడియాలో అలాంటప్పుడు వినిపించే పేర్లు రెండు. దక్షిణాన సముద్రానికి దగ్గర్లో, కొండల నీడలో ఉన్న కంపోట్ ఒకటి. ఈశాన్యాన మెకాంగ్ ఒడ్డున ఉన్న క్రచేహ్ రెండోది. రెండూ ఫ్నోమ్ పెన్‌కి చెరో దిక్కున ఉన్నాయి. నాలుగు రోజుల్లో రెండూ చుట్టేద్దామనుకుంటే సగం ప్రయాణం వ్యానులోనే అయిపోతుంది. ఒకటే ఎంచుకోండి.

ఎంచుకునేటప్పుడు ఫొటోలు చూసి మోసపోవద్దు. రెండు ఊళ్లూ నదికి తూర్పు ఒడ్డునే ఉన్నాయి కాబట్టి రెండిట్లోనూ సూర్యాస్తమయం నీళ్ల మీదే. ఫొటోల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చాల్సింది మీరు వెళ్లే నెల, ఆ తర్వాత మీరు వెళ్లబోయే దిక్కు, వెంట ఎవరున్నారన్నది. ఈ వరసలోనే ఆలోచించండి.

ముందు పేర్లు సరిచూసుకోండి

క్రచేహ్‌ని ఇంగ్లిషు అక్షరాల్లో చూసి మనవాళ్లు ‘క్రాటీ’ అని చదువుతారు. అలా అంటే అక్కడి డ్రైవరుకి అర్థం కాదు. ‘చేహ్’ని కాస్త ఒత్తి పలకండి. కంపోట్‌తో ఉన్న చిక్కు ఇంకొకటి. కంపోంగ్ చామ్, కంపోంగ్ థోమ్, కంపోంగ్ స్పూ, కంపోంగ్ చ్నాంగ్ అని అక్కడ బోలెడు ఊళ్లున్నాయి. ‘కంపోంగ్’ అంటే రేవు. ఆన్‌లైన్లో టికెట్ కొనేటప్పుడు మొదటి ఐదక్షరాలు చూసి నొక్కేస్తే ఇంకో దిక్కుకి టికెట్ చేతికొస్తుంది. డబ్బు కట్టే ముందు ఊరి పేరు పూర్తిగా చదవండి.

మొదటి అడుగు: నెల చూడండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ ఊరికి వెళ్లినా బాగుంటుంది. ఆ నెలల్లో అయితే ఈ అడుగు దాటేసి తర్వాతిదానికి వెళ్లండి.

మార్చి నుంచి మే మధ్య దాకా లెక్క మారుతుంది. మెకాంగ్‌లో నీరు అడుగంటి ఇసుక తిన్నెలు తేలతాయి. క్రచేహ్‌కి ఉత్తరాన కంపి దగ్గరున్న ఇర్రావాడి డాల్ఫిన్లు లోతైన మడుగుల్లోకి చేరతాయి కాబట్టి కనిపించే అవకాశం ఎక్కువ. డాల్ఫిన్లే మీ ముఖ్య కారణమైతే ఇదే సమయం. కానీ ఏప్రిల్ ఎండ మామూలుగా ఉండదు. రెంటచింతల, రామగుండం ఎండలు తిన్నవాళ్లు కూడా అక్కడి ఉక్కపోతకి విసుక్కుంటారు. ఉదయం పదకొండు నుంచి నాలుగు వరకు గదిలోనే ఉండేలా రోజును సర్దుకోవాలి. అదే నెలల్లో కంపోట్‌కి సముద్రపు గాలి ఉంది. వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తున్న బొకోర్ కొండ కూడా ఉంది. పెద్దవాళ్లతో వేసవి సెలవుల్లో వెళ్తుంటే కంపోట్ మేలు.

జూన్ నుంచి అక్టోబరు వరకు వానలు. ఇక్కడ చాలామంది పొరబడతారు, ‘వానాకాలం దేశమంతా ఒకటే’ అనుకుని. థాయ్ సింధుశాఖ మీదుగా వచ్చే నైరుతి గాలి నేరుగా బొకోర్ కొండల వరసని కొడుతుంది. అందుకే కంపోట్ వైపు వాన ఎక్కువ, ముసురు కూడా ఎక్కువసేపు. కొండ మీద మబ్బు కమ్మి పది అడుగుల దూరంలో ఉన్నది కనిపించని రోజులుంటాయి. మిరియాల తోటలకి వెళ్లే ఎర్రమట్టి దారులు బురదైపోయి స్కూటర్ జారుతుంది. కొండ మీది పోపోక్‌విల్ జలపాతం నిండుగా దూకేది మాత్రం ఈ నెలల్లోనే. ఎండాకాలంలో వెళ్తే అక్కడ రాళ్లే. క్రచేహ్‌లో వాన ఇంత పట్టు పట్టదు గానీ మెకాంగ్ ఎర్రగా, ఉధృతంగా పారుతుంది, డాల్ఫిన్లు చెదిరిపోతాయి. జులై, ఆగస్టుల్లో తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే ఒక్క రాత్రికి క్రచేహ్ చాలు. కంపోట్‌కి మూడు రాత్రులు కేటాయించి ముసురులో కూర్చోవడం కంటే నయం.

పండగలు కూడా చూసుకోవాలి. వాళ్ల కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో, మూడు రోజులు. మన మహాలయ పక్షం రోజుల్లోనే వాళ్ల ‘ప్చుమ్ బెన్’ వస్తుంది. ‘బెన్’ అంటే పిండమే, సంస్కృతం నుంచి వెళ్లిన మాట. పదిహేను రోజులు పితృదేవతలకి అన్నం పెట్టి, చివరి రోజుల్లో అందరూ సొంతూళ్లకి వెళ్తారు. కార్తీక పౌర్ణమికి నీళ్ల పండగ, ఫ్నోమ్ పెన్‌లో పడవ పందేలు. ఈ మూడు సందర్భాల్లో వ్యానుల్లో సీట్లు దొరకవు, చార్జీలు పెరుగుతాయి, ఊళ్లలో కొట్లు మూతపడతాయి. మన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బస్సు దొరకడం ఎలా ఉంటుందో అలాగే అనుకోండి. కొత్త సంవత్సరం తప్ప మిగతా రెండిటి తేదీలు చంద్రమానాన్ని బట్టి ఏటా మారతాయి. టికెట్ కొనేముందు మన పంచాంగం తీసి చూసినా సరిపోతుంది.

రెండో అడుగు: ఆ తర్వాత ఎటు వెళ్తారు?

ప్రయాణం ఫ్నోమ్ పెన్‌లోనే ముగిసేట్టయితే కంపోట్ దగ్గర. సుమారు 150 కి.మీ., వ్యానులో మూడు గంటలు, ట్రాఫిక్ పడితే నాలుగు. మనిషికి ఎనిమిది నుంచి పన్నెండు డాలర్ల మధ్య అవుతుంది. రైలు కూడా ఉంది. సిహనూక్‌విల్ వెళ్లే ఈ లైన్‌లో 2016లో ప్రయాణికుల రైళ్లు మళ్లీ మొదలయ్యాయి. నెమ్మదైన బండి, ఐదు గంటల దాకా పడుతుంది. సమయం ఉండి, పొలాలు చూస్తూ పోవాలనుకుంటే ఒకవైపు రైలు, ఇంకోవైపు వ్యాను పెట్టుకోండి. బండి ఏ రోజుల్లో నడుస్తుందో స్టేషన్లోనే అడిగి ఖాయం చేసుకోవాలి.

క్రచేహ్‌కి వ్యానులో ఐదు నుంచి ఆరు గంటలు, పది నుంచి పదిహేను డాలర్లు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ‘డైరెక్ట్’ అని అమ్మిన వ్యాను దారిలో దించి ఇంకో వ్యాను ఎక్కిస్తుంది. పదిహేను సీట్ల బండిలో ఇరవై మందిని, మధ్యలో బియ్యం బస్తాలని కుక్కుతారు. టికెట్ కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: బండి మారాలా? సీటు నంబరు ఉందా? సామాను లోపలా, పైనా? ఉదయం ఏడు, ఎనిమిది గంటల బండి ఎక్కితే మధ్యాహ్నానికి చేరతారు. మధ్యాహ్నం బండి ఎక్కితే చీకటి పడ్డాక చేరతారు, పైగా ఆ రోడ్డు మీద రాత్రి ప్రయాణం మంచిది కాదు.

లావోస్ వెళ్లే ఆలోచన ఉంటే క్రచేహ్ దారిలోనే పడుతుంది. అక్కడినుంచి స్టుంగ్ ట్రెంగ్ మీదుగా సరిహద్దు దాటి నాలుగు వేల దీవులు అనే చోటుకి చేరవచ్చు. వియత్నాం వెళ్లాలంటే కంపోట్ దగ్గర. హా తియన్ సరిహద్దు అక్కడికి పక్కనే. వియత్నాంకి వీసా ముందే చేతిలో ఉండాలి, లావోస్ వీసా సంగతి బయల్దేరే ముందే కనుక్కోండి. మీరు దాటే సరిహద్దు ఆ దేశపు ఈ-వీసా జాబితాలో ఉందో లేదో దరఖాస్తు చేసే ముందే చూడండి. ఇంకో చిక్కు: వియత్నాంలోని ఫు క్వోక్ దీవికి వీసా అక్కర్లేదని చాలామంది విని ఉంటారు. విదేశం నుంచి నేరుగా దీవికి వచ్చేవాళ్లకే ఆ సడలింపు. హా తియన్‌లో భూమార్గాన దిగి, అక్కడినుంచి ఫెర్రీలో వెళ్లేవాళ్లకి వర్తించదు. వీసా లేకుండా వెళ్తే సరిహద్దులోనే ఆపేస్తారు.

థాయ్‌లాండ్ నుంచి బస్సులో కంబోడియా రావాలనే పాత పథకం పక్కన పెట్టండి. 2025లో రెండు దేశాల మధ్య ఘర్షణతో భూ సరిహద్దులు మూతపడ్డాయి. విమానం మీదే లెక్క వేసుకోవడం మంచిది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఎలాగూ బ్యాంకాక్‌లోనో, కౌలాలంపూర్‌లోనో, సింగపూర్‌లోనో విమానం మారవచ్చు.

మూడో అడుగు: ఎవరితో, ఎన్ని రాత్రులు?

కంపోట్‌కి రెండు రాత్రులు తక్కువ, మూడు సరి. క్రచేహ్‌కి ఒకటి చాలు, రెండైతే తీరిక. దీన్ని తిరగేసి చదవండి: మీ దగ్గర రెండు రాత్రులే ఉంటే, అందులో రాను పోను క్రచేహ్ పన్నెండు గంటలు తినేస్తుంది.

పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే కంపోటే. అద్దె కారు, టుక్‌టుక్, రకరకాల హోటళ్లు, తిండి అన్నీ దొరుకుతాయి. ఏదైనా ఆరోగ్య సమస్య వస్తే ఫ్నోమ్ పెన్ ఆస్పత్రికి మూడు గంటల్లో చేరవచ్చు. క్రచేహ్ నుంచి అంత తేలిక కాదు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు, సైకిల్ తొక్కగలవాళ్లు, పెద్దగా ‘చూసే చోట్లు’ అక్కర్లేదు, నది పక్కన కూర్చుంటే చాలనుకునేవాళ్లకి క్రచేహ్ నచ్చుతుంది.

శాకాహారులు కాస్త జాగ్రత్తపడాలి. చేపల సాస్ ‘టెక్ ట్రే’, పులియబెట్టిన చేప ముద్ద ‘ప్రహోక్’ అక్కడి వంటలో మన చింతపండు లాంటివి. కూరగాయల వేపుడులోనూ పడతాయి. ‘న్యామ్ బుఅహ్’ అంటే శాకాహారం తింటానని, ‘ఒత్ డాక్ టెక్ ట్రే’ అంటే చేప సాస్ వేయొద్దని. ఈ రెండు ముక్కలూ ఖ్మేర్ లిపిలో ఫోన్‌లో రాసిపెట్టుకుని వంటమనిషికే చూపించండి, వడ్డించే కుర్రాడికి కాదు. కంపోట్‌లో విదేశీయుల కోసం నడిచే చిన్న హోటళ్లలో శాకాహారం తేలిగ్గా దొరుకుతుంది. క్రచేహ్‌లో దొరికేది తెల్లన్నం, గుడ్డు, నీటి తోటకూర లాంటి ఆకు వేపుడు. క్రచేహ్‌లో మాత్రం తప్పక తినాల్సింది ‘క్రలాన్’. జిగురు బియ్యం, కొబ్బరిపాలు, అలసందల లాంటి గింజలు వెదురు బొంగులో నింపి నిప్పుల మీద కాలుస్తారు. కంపి వెళ్లే దారిలో రోడ్డు పక్కనే అమ్ముతారు. అరకు బొంగు చికెన్‌కి ఇది తియ్యటి చుట్టం.

నాలుగో అడుగు: కాగితాలు, డబ్బు

కంబోడియా టూరిస్టు వీసా 30 డాలర్లు, 30 రోజులు, ఒక్కసారి ప్రవేశం. లావోస్‌కో వియత్నాంకో వెళ్లి తిరిగి రావాలంటే మళ్లీ వీసా కట్టాలి. ఈ-వీసా పేరుతో రెట్టింపు వసూలు చేసే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర ‘జీఓవీ డాట్ కేహెచ్’ లేకపోతే అది ప్రభుత్వానిది కాదు. విమానంలో వచ్చేవాళ్లు ఈ-అరైవల్ ఫారం కూడా నింపాలి. ప్రయాణానికి ఏడు రోజుల లోపు నింపాలి, రుసుము లేదు. దానికి డబ్బు అడిగే సైటు కనిపిస్తే మూసేయండి.

అక్కడ డాలర్లు, వాళ్ల సొంత కరెన్సీ రియెల్ రెండూ చెల్లుతాయి. లెక్కకి ఒక డాలరుకి నాలుగు వేల రియెల్ అనుకుంటే చాలు. చిరిగిన, గీతలు పడిన, సిరా మరక ఉన్న డాలరు నోటు ఎవరూ తీసుకోరు. హైదరాబాద్‌లో డబ్బు మార్చేటప్పుడే ఒక్కొక్క నోటూ వెలుగులో పట్టి చూసుకోండి. ఏటీఎం నుంచి తీసేటప్పుడు వంద కొట్టకండి, ఒకే వంద నోటు వస్తుంది, క్రచేహ్‌లో దాన్ని మార్చే దిక్కుండదు. 90 అని కొట్టండి. ఏటీఎం ప్రతిసారీ కొన్ని డాలర్ల రుసుము పట్టుకుంటుంది కాబట్టి రోజూ కొంచెం కొంచెం తీయడం నష్టం. రియెల్ మిగిలితే దేశం దాటాక కాగితమే, చివరి రోజు ముందు ఖర్చుపెట్టేయండి.

ఐదో అడుగు: గది ఎక్కడ తీసుకోవాలి

కంపోట్‌లో రెండు రకాలు. ఊళ్లో, పాత వంతెనకి నడిచేంత దూరంలో తీసుకోవడం ఒకటి. ఊరికి ఎగువన నది ఒడ్డునే ఉన్న చెక్క బంగళాలు ఇంకొకటి. బంగళాల్లో గది ముందే నదిలోకి దిగవచ్చు, కానీ ఊరికి మూడు నుంచి ఐదు కిలోమీటర్లు. రాత్రి ఎనిమిది దాటాక టుక్‌టుక్ దొరకదు, దొరికితే అతను అడిగిందే ధర. స్కూటర్ అద్దెకు తీసుకునేవాళ్లకే బంగళా సరి. కొన్ని బంగళాల్లో ఏసీ ఉండదు, దోమతెర తప్పనిసరి. ఏప్రిల్‌లో ఫ్యాను గాలితో నిద్ర పట్టదు.

క్రచేహ్‌లో ఆలోచించాల్సింది తక్కువ. నది రోడ్డు మీద, మేడ మీద, పడమటి కిటికీ ఉన్న గది. అంతే. ఊరంతా అరగంటలో నడిచిపోతుంది.

ఆరో అడుగు: కంపోట్‌లో మూడు రోజులు

స్కూటర్ అద్దె రోజుకి ఐదారు డాలర్లు. తాళం తీసుకునేముందు బండి నాలుగు వైపులా గీతలు వీడియో తీయండి, పాస్‌పోర్టు కుదువ పెట్టకుండా ఫొటోకాపీ, డబ్బు డిపాజిట్ ఇస్తామని అడగండి. మరిచిపోకూడనిది: అక్కడ బండి రోడ్డుకి కుడివైపు నడపాలి. ఖాళీ రోడ్డు మీద, పొద్దున్నే, కూడలిలో మలుపు తిరిగాక మనవాళ్లు అలవాటుగా ఎడమకి వెళ్తారు. ప్రమాదాలు అక్కడే. 125 సీసీ లోపు బండికి అక్కడి చట్టం లైసెన్సు అడగదు గానీ, మీ దగ్గర ద్విచక్ర లైసెన్సు, ఇంటర్నేషనల్ పర్మిట్ లేకపోతే ట్రావెల్ ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చుతుంది.

మొదటి రోజు బొకోర్. ఉదయం ఏడింటికల్లా బయల్దేరండి, మధ్యాహ్నానికి మబ్బు దిగుతుంది. కొండ రోడ్డు చక్కటి తారు రోడ్డే, ముప్పై కిలోమీటర్ల పైన ఎక్కుడు. కింద ట్యాంకు నింపుకోండి. పైన చలి వేస్తుంది, పలుచటి జాకెట్ కావాలి. ఫ్రెంచివాళ్లు 1920లలో కట్టిన హోటల్, చర్చి పైన ఉన్నాయి. పాడుబడ్డ హోటల్ ఫొటోలు చూసి వెళ్లేవాళ్లకి నిరాశ తప్పదు, దాన్ని బాగు చేసి మళ్లీ హోటల్‌గా తెరిచారు. చర్చి మాత్రం ఇంకా పాతగానే ఉంది. దిగేటప్పుడు బ్రేకు అదే పనిగా పట్టి ఉంచవద్దు, గేరు లేని స్కూటర్ల బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. మధ్య మధ్య ఆపండి.

రెండో రోజు తూర్పు వైపు. ఊరికి కొద్ది దూరంలో ఫ్నోమ్ ఛ్ఞోక్ గుహ, రెండొందల పైచిలుకు మెట్లు. లోపల పదమూడు పద్నాలుగు వందల ఏళ్ల నాటి ఇటుక గుడి ఉంది, శివుడిది. ఆంగ్‌కోర్ కంటే చాలా ముందుది. ఆంగ్‌కోర్ చూసి వచ్చిన కళ్లకి చిన్నగా కనిపిస్తుంది గానీ, మన ఇటుక గుళ్లు తెలిసినవాళ్లు ఇక్కడే ఎక్కువసేపు నిలబడతారు. అక్కడినుంచి మిరియాల తోటలు. కంపోట్ మిరియానికి 2010లో కంబోడియాలో, 2016లో యూరప్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కోత ఫిబ్రవరి నుంచి మే దాకా. మన పాడేరు వైపు మిరియం సిల్వర్ ఓక్ చెట్లకి పాకుతుంది, ఇక్కడ గుంజలకి పాకిస్తారు. ఒకే తీగ నుంచే నల్లవి, ఎర్రవి, తెల్లవి. పచ్చి గింజ ఎండితే నలుపు, బాగా పండిన గింజని అలాగే ఎండబెడితే ఎరుపు, పండినదాని పొట్టు తీస్తే తెలుపు. కొంటే గుర్తింపు ముద్ర ఉన్న, సీలు వేసిన పొట్లమే కొనండి. సంతలో విడిగా పోసి అమ్మేది ఎక్కడిదైనా కావచ్చు. సాయంత్రం సముద్రపు ఒడ్డున ఉన్న కెప్ ఊరికి వెళ్లి రావచ్చు, 25 కి.మీ., పీతలు తినేవాళ్లకి. బీచ్ కోసమైతే వెళ్లొద్దు, విశాఖ వాళ్లకి అది బీచ్‌లా కనిపించదు. దారిలో ఉప్పు మడులు కూడా ఉన్నాయి. చినగంజాం కొఠార్లు చూసినవాళ్లు బండి ఆపక్కర్లేదు.

మూడో రోజు నదికే. సాయంత్రం మిణుగురుల పడవ ఐదు డాలర్ల లోపు. పౌర్ణమికి అటూ ఇటూ నాలుగు రోజులు వెళ్లవద్దు, వెన్నెల్లో మిణుగురులు తేలిపోతాయి. అమావాస్య దగ్గర్లో అయితే చెట్లు వెలుగుతాయి.

లేదా, క్రచేహ్‌లో ఒకటిన్నర రోజు

చేరిన సాయంత్రం నది రోడ్డు మీద గడపండి. మర్నాడు ఉదయం ఆరున్నరకి టుక్‌టుక్ మాట్లాడుకుని కంపికి వెళ్లండి, 15 కి.మీ. ఫ్నోమ్ సంబోక్ కొండ కూడా కలిపి, ఆగి ఉండే సమయంతో సహా ధర ముందే తేల్చుకోండి. గ్రాబ్ లాంటి టాక్సీ యాప్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు. పడవ టికెట్ మనిషికి ఏడెనిమిది డాలర్లు, ఒకరిద్దరే ఉంటే కాస్త ఎక్కువ, సుమారు గంట.

ఈ డాల్ఫిన్లు ఎగిరి దూకవు. గుండ్రటి తల, ముక్కు లేని మొహం. ఊపిరి కోసం వీపు పైకి తేలి మునుగుతుంది, అంతే. ముందు ‘ఫుస్’ మనే చప్పుడు వినిపిస్తుంది, తర్వాత కనిపిస్తుంది. ఫోన్ పట్టుకుని కూర్చుంటే రెండూ దక్కవు. పడవవాడు ఇంజన్ ఆపకుండా వెంబడిస్తుంటే ఆపమని చెప్పండి. మెకాంగ్‌లో 2020 లెక్క ప్రకారం మిగిలినవి 89. వలల్లో చిక్కి చావడమే పెద్ద కారణం. ఇదే జాతి చిలికా సరస్సులోనూ ఉంది. డాల్ఫిన్ చూడటమొక్కటే కోరికైతే, శ్రీకాకుళం వాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక కో ట్రోంగ్ దీవి. ఊరి రేవు నుంచి పడవ కొన్ని వేల రియెల్, సైకిల్‌ని కూడా ఎక్కిస్తారు. దీవి చుట్టూ తొమ్మిది కిలోమీటర్ల దారి, పంపర పనస తోటలు, కొయ్య కాళ్ల మీద నిలబెట్టిన ఇళ్లు. మార్చి, ఏప్రిల్‌లో పడవ దిగాక కాలే ఇసుకలో సైకిల్ నెట్టుకుంటూ చాలా దూరం నడవాలి, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చివరి పడవ ఎన్నింటికో దిగినప్పుడే అడగండి.

తిరుగు ప్రయాణం

ఫ్నోమ్ పెన్ కొత్త విమానాశ్రయం టేచో 2025 సెప్టెంబరులో మొదలైంది, నగరానికి దక్షిణాన ఇరవై కిలోమీటర్ల పైనే. పాత బ్లాగులు చదివి పాత విమానాశ్రయానికి టుక్‌టుక్ ఎక్కవద్దు. కంపోట్ నుంచి పొద్దున్నే బయల్దేరితే అదే రోజు రాత్రి విమానం అందుకోవచ్చు. క్రచేహ్ నుంచి మాత్రం ముందు రోజే వచ్చి ఫ్నోమ్ పెన్‌లో పడుకోండి. ఒక్క టైరు పంక్చరైతే చాలు, విమానం వెళ్లిపోతుంది.